బ్రిటానియా పెద్దాయన

ముంబై బలార్డ్ ఎస్టేట్‌లో ఒక పాత ఇరానీ హోటల్. తొంభై ఏళ్ళు దాటినా యజమానే చీటీల పుస్తకం పట్టుకుని బల్ల బల్లకూ తిరిగి ఆర్డరు రాసుకునేవారు. ఆ బొమన్ కోహినూర్ కథ ఇది.

హోటల్ యజమాని అనగానే మనకు గల్లాపెట్టె కళ్ళముందు మెదులుతుంది. దాని వెనక ఎత్తు కుర్చీ, తల పైన దండ వేసిన పటం, పక్కన సోంపు గిన్నె. ఆ కుర్చీలోంచి లేవకుండా నలభై ఏళ్ళు వ్యాపారం నడిపినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. బొమన్ కోహినూర్ ఆ కోవలోకి రారు. మధ్యాహ్నం భోజనాల వేళ కొత్త ముఖం ఏదైనా వచ్చి కూర్చుంటే చాలు, అడుగులో అడుగు వేసుకుంటూ ఆ బల్ల దగ్గరికి ఆయనే వచ్చేవారు. పెన్ను పట్టుకున్న చేయి వణికేది. మాటకు మాత్రం తడబాటు లేదు.

మొదటి ప్రశ్న తిండి గురించి ఉండేది కాదు. ఏ ఊరు, ఏ దేశం అని అడిగేవారు. జవాబు విన్నాక దాని మీద నాలుగు మాటలు. ఆ తర్వాతే భోజనం ఊసు. బెర్రీ పలావు తినమనేవారు. దానికి ముందు నిమ్మ సోడా, అదీ తీపిది, తాగమనేవారు. ముంబై ఎండకు అదే విరుగుడని ఇంగ్లీషులో ప్రాస కట్టి చెప్పేవారు. ఆ ప్రాస ఎన్ని వేల సార్లు చెప్పి ఉంటారో! ఆ హోటల్ గురించి రాసిన పత్రికల వాళ్ళు, కెమెరా భుజాన వేసుకుని తిండి కోసం దేశాలు తిరిగేవాళ్ళు, దాన్ని తలుచుకోకుండా ఉండలేకపోయారు. ఏళ్ళ తేడాతో వెళ్ళినవాళ్ళకూ అదే మాట, అదే నవ్వు. విన్న ప్రతివాళ్ళూ అది అప్పటికప్పుడు తమ కోసమే పుట్టిందనుకున్నారు. అందులోనే ఉంది ఆయన పనితనం.

ఆర్డరు రాసుకుని వెళ్ళిపోతే కథ అక్కడితో అయిపోయేది. కానీ మళ్ళీ వచ్చేవారు. ఈసారి చేతిలో ప్లాస్టిక్ అట్టలో భద్రం చేసిన కాగితాలు. ఎలిజబెత్ రాణి తరఫున లండన్ నుంచి వచ్చిన ఉత్తరం, రాజకుటుంబం ఫొటోలు, తన గురించి పేపర్లలో పడిన కథనాలు. ఒక్కోటీ తీసి, తిప్పి, వేలితో చూపించి మళ్ళీ జాగ్రత్తగా సర్దేవారు. ఈలోపు పలావు చల్లారుతోందేమోనని ఆయనే కంగారుపడి, ముందు తినండని హెచ్చరించేవారు. తినడం అయ్యాక క్యారమెల్ కస్టర్డ్ సంగతి గుర్తుచేయడం మాత్రం మరిచేవారు కాదు. వట్టి కబుర్ల మనిషి అనుకుంటే పొరపాటు. కబుర్ల మధ్యలో అమ్మకం ఎక్కడ పెట్టాలో తెలిసిన వ్యాపారి.

2019 సెప్టెంబరు 25 సాయంత్రం ముంబైలోని పార్సీ జనరల్ ఆసుపత్రిలో ఆయన కన్నుమూశారు. వయసు తొంభై ఏడు. మర్నాడు దేశంలోని పత్రికలే కాదు, విదేశీ పత్రికలు కూడా రాశాయి. ఒక్క బ్రాంచి కూడా పెట్టకుండా, ఒక్క పూట భోజనాల మీద బతికిన హోటల్ యజమానికి అంత పెద్ద వీడ్కోలు ఎందుకు దక్కిందన్నదే ఈ కథనం.

రేవు పక్కన పేట

బలార్డ్ ఎస్టేట్‌ను చూసినవాళ్ళకు అది ముంబైలా అనిపించదు. వెడల్పాటి రోడ్లు, నిటారుగా రాతి భవనాలు, అన్నీ దాదాపు ఒకే ఎత్తు, ఒకే తీరు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అలెగ్జాండ్రా డాక్ కోసం తవ్విన మట్టితో సముద్రాన్ని పూడ్చి బాంబే పోర్ట్ ట్రస్టు ఈ పేటను కట్టించింది. రూపురేఖలు దిద్దింది జార్జి విటెట్. గేట్‌వే ఆఫ్ ఇండియా కూడా ఆయన గీసిందే. నౌకా కంపెనీలు, కస్టమ్స్ ఆఫీసులు, ఏజెంట్లు, లాయర్లు, గుమస్తాలు. పగలంతా రద్దీ, పొద్దుగుంకాక నిర్మానుష్యం. అక్కడ ఇళ్ళు తక్కువ, ఆఫీసులు ఎక్కువ కాబట్టి రాత్రి భోజనానికి గిరాకీ ఉండదు. బ్రిటానియా పొయ్యి ఏళ్ళ తరబడి మధ్యాహ్నం కోసమే వెలగడానికి కారణం ఇదే. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. బొమన్ గారి కబుర్లకు దీనికీ సంబంధం ఉంది.

ఆ పేటలో వేక్‌ఫీల్డ్ హౌస్ అనే భవనం కింది అంతస్తులో 1923లో బొమన్ తండ్రి రషీద్ కోహినూర్ హోటల్ తెరిచారు. ఇరాన్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన జొరాస్ట్రియన్ ఆయన. దొరల పేటలో హోటల్‌కు అనుమతి కావాలంటే దొరలకు నచ్చే పేరుండాలని బ్రిటానియా అని పెట్టారట. పేరు చూడగానే కాగితాలు చకచకా కదిలాయని ఆ కుటుంబంలో చెప్పుకునేవారు. అప్పట్లో వండిందీ దొరల తిండే, ఉప్పూ కారం తగలని ఉడకబెట్టిన వంటకాలు. బొమన్‌కు హోటల్‌కన్నా ఏడాది వయసు ఎక్కువ. టీనేజీలోనే తండ్రికి సాయంగా అందులో చేరి, కడదాకా అక్కడే ఉండిపోయారు.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. మనం పార్సీలు, ఇరానీలు అని కలిపేస్తాం. పార్సీలు వెయ్యేళ్ళకు పైగా వెనక గుజరాత్ తీరానికి వచ్చి స్థిరపడిన జొరాస్ట్రియన్లు. ఇరానీలు పంతొమ్మిదో శతాబ్దంలోనూ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనూ యజ్ద్, కెర్మాన్ ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళు. మతం ఒకటే, రాక వేరు. పార్సీలు అప్పటికే ఓడలు, మిల్లులు, బ్యాంకులు నడుపుతున్నారు. కొత్తగా వచ్చిన ఇరానీలకు చేతనైంది టీ, రొట్టె, బేకరీ. ‘అత్తారింటికి దారేది’లో తాతగా మనకు దగ్గరైన బొమన్ ఇరానీ కూడా సినిమాల్లోకి రాకముందు ముంబైలో కుటుంబం దుకాణం చూసుకున్నవారే.

సైన్యం పట్టుకుపోయిన హోటల్

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. రేవు పక్కనున్న పేట సైన్యానికి పనికొచ్చింది. బ్రిటానియా ఉన్న చోటును సైన్యం తన ఆఫీసు కోసం స్వాధీనం చేసుకుంది. దొరల కోసం దొరల పేరు పెట్టి తెరిచిన హోటల్‌ను దొరల సైన్యమే మూయించింది. అది మళ్ళీ కుటుంబం చేతికి వచ్చేసరికి 1947. దొరలు వెళ్ళిపోతున్నారు. బలార్డ్ ఎస్టేట్‌లో కుర్చీలు అవే, వాటిలో కూర్చునే మనుషులు మారుతున్నారు. ఉడకబెట్టిన కూరలు తినేవాళ్ళు లేరు కాబట్టి వంటగది మసాలా వైపు తిరిగింది. బిర్యానీ, ధన్‌శాక్, సల్లి బోటి లాంటివి వచ్చి చేరాయి.

ధన్‌శాక్ అంటే పప్పులు, కూరగాయలు, మాంసం కలిపి ఉడికించి గోధుమ రంగు అన్నంతో తినే పార్సీ వంటకం. బయటివాళ్ళు దాన్ని పండగ భోజనం అనుకుంటారు గానీ, పార్సీ ఇళ్ళలో శుభకార్యాలకు వండరు. మనిషి పోయిన నాలుగో రోజున, మాంసం మానిన దీక్ష వదిలేటప్పుడు తింటారు. ఆదివారాల్లో మామూలుగా వండుకుంటారు. సల్లి బోటి సంగతి వేరు. తీపీ పులుపూ కలిసిన మాంసం కూర మీద అగ్గిపుల్లలంత సన్నగా తరిగి వేయించిన ఆలుగడ్డ పోగులు కుప్పగా పోస్తారు. వడ్డించిన వెంటనే తినాలి. కబుర్లలో పడితే పోగులు మెత్తబడిపోతాయి. బొమన్ గారి హోటల్లో ఇది నిజంగానే ఒక ఇబ్బంది!

బచన్ తెచ్చిన బెర్రీ

బ్రిటానియా పేరు నిలబెట్టిన వంటకం మాత్రం బొమన్‌ది కాదు. ఆయన భార్య బచన్‌ది. ఉద్యోగం మీద టెహ్రాన్‌లో ఉన్న రోజుల్లో ఆవిడ అక్కడి జెరెష్క్ పొలో తిన్నారు. కుంకుమపువ్వు వేసిన అన్నం మీద జెరెష్క్ అనే ఎండు పండ్లు చల్లి కోడి మాంసంతో వడ్డించే పెళ్ళి భోజనం అది. జెరెష్క్ ఎర్రగా, మిరియపు గింజకన్నా కాస్త పెద్దగా ఉంటుంది. పులుపు మన వాక్కాయను గుర్తుచేస్తుంది. ఇరాన్ తూర్పున దక్షిణ ఖొరాసాన్‌లో ఎక్కువగా పండిస్తారు. ముంబై తిరిగి వచ్చాక 1980ల మొదట్లో ఆవిడ ఆ వంటను ఇక్కడి నోటికి తగ్గట్టు మార్చారు. ఇరాన్‌లో విడివిడిగా ఉండే అన్నమూ మాంసమూ ఇక్కడ ఒకటయ్యాయి. మధ్యలోకి మసాలా వచ్చింది. పైన వేయించిన ఉల్లి, జీడిపప్పు, బెర్రీలు. బెర్రీలు మాత్రం ఇరాన్ నుంచే రావాలి. వాటికి బదులు ఇంకేదీ వాడేది లేదని ఆ కుటుంబం పట్టుదల.

గుంటూరు నుంచో హైదరాబాద్ నుంచో వెళ్ళినవాళ్ళకు మొదటి ముద్ద చప్పగా ఉన్నట్టే ఉంటుంది. నిజం చెప్పాలంటే పచ్చడి కోసం కళ్ళు వెతుకుతాయి. నాలుగో ముద్దకు బెర్రీ పంటి కింద పడి, పులుపు అన్నంలోకి దిగాక సంగతి అర్థమవుతుంది. దమ్ బిర్యానీతో పోటీ పెట్టి తినేవాళ్ళకు నిరాశ తప్పదు. అది వేరే వంట, వేరే ఓపిక.

ఆవిడ వంటగదిలో కట్టిన కీర్తిని ఈయన హాల్లో మోసుకుతిరిగారు. ఈ పాత హోటళ్ళ కథలు రాసేటప్పుడు మనం మాటకారినే చూస్తాం. మాట్లాడాల్సిన సరుకు తయారుచేసినవాళ్ళు పొయ్యి దగ్గర ఉండిపోతారు. బ్రిటానియాలో అలా జరగకపోవడానికి కారణం కూడా ఆయనే. ఆ వంటకం భార్యదని బొమన్ అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవారు.

రాణి మీద మనసు

హాలు గోడ మీద పటాలు చూస్తే ఆ ఇంటి చరిత్రంతా తెలిసిపోతుంది. జొరాస్టర్, గాంధీ, ఎలిజబెత్ రాణి. అదే హాల్లో విలియం, కేట్‌ల నిలువెత్తు అట్ట బొమ్మ. రంగు వెలిసిన గోడలు, ఎత్తయిన పైకప్పు, సన్నని వంపు కర్రల పాత కుర్చీలు. బోర్డు మీద కోడిపుంజు గుర్తు, దానితో పాటు తిండి మీది ప్రేమను మించిన ప్రేమ లేదన్న అర్థం వచ్చే నినాదం.

బ్రిటిష్ రాజకుటుంబం మీద ఆయనకున్న అభిమానం దాచిపెట్టింది కాదు. బ్రిటన్ నుంచి ఎవరు వచ్చినా రాణి గారిని అడిగినట్టు చెప్పమనేవారు. 2016 ఏప్రిల్‌లో విలియం, కేట్ భారత పర్యటనకు వస్తున్నారని తెలిసి, వాళ్ళను కలవాలని ఉందని ఆయన చెప్పిన వీడియో ఇంటర్నెట్‌లో ఊరూరా తిరిగింది. విల్‌కాట్‌మీట్‌మీ అనే హ్యాష్‌ట్యాగ్ కింద వేలమంది దాన్ని ముందుకు తోశారు. మాట లండన్ దాకా వెళ్ళింది. తాజ్ మహల్ ప్యాలెస్ హోటల్లో ఆ దంపతులు ఆయన్ని పిలిపించుకుని మాట్లాడారు. తొంభై దాటిన మనిషి పిల్లాడిలా సంబరపడ్డాడని ఆ ఫొటోలు చూసిన దేశమంతా ముచ్చటపడింది.

ముచ్చట సరే. కొంచెం చివుక్కుమనడం కూడా ఉంది. ఆయన ఇంటిపేరే కోహినూర్. ఆ పేరున్న వజ్రం కృష్ణా ఒడ్డున, ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ళ కింద ఉన్న కొల్లూరు గనుల్లో దొరికిందని ఎక్కువమంది నమ్మకం. 1849లో లాహోర్ ఒప్పందం పేరుతో, ఊహ తెలిసీ తెలియని దులీప్ సింగ్ చేతి నుంచి అది బ్రిటిష్ రాణికి చేరింది. ఇప్పుడు లండన్ టవర్‌లో ఒక కిరీటంలో ఉంది. ఆ కిరీటం ఇంటివాళ్ళ కోసం బొంబాయి కోహినూర్ గారు ఆరాటపడుతుంటే, గుంటూరు సీమ వాడికి నవ్వూ వస్తుంది, ఎక్కడో గుచ్చుకుంటుంది కూడా.

దీన్ని బానిస బుద్ధి అని కొట్టిపారేసినవాళ్ళున్నారు. నా మటుకు ఆ తీర్పు తేలిక తీర్పు. అదే జొరాస్ట్రియన్ సమాజం దాదాభాయి నౌరోజీని ఇచ్చింది, భికాజీ కామాను ఇచ్చింది. బ్రిటిష్ పాలనలో ఎదిగిన చిన్న సమాజానికి, వలస వచ్చి వాళ్ళ రేవులో కాలూనుకున్న కుటుంబానికి ఆ రోజుల మీద మమకారం ఉండటంలో వింత లేదు. బొమన్‌లో నాకు వింతగా తోచేది ఇంకొకటి. రాణి ఉత్తరం చూపించిన నోటితోనే, యుద్ధంలో సైన్యం తమ హోటల్‌ను పట్టుకుపోయిన సంగతీ చెప్పేవారు. రెండూ ఒకే భోజనంలో వినేవాళ్ళు అతిథులు. ఆయన దృష్టిలో రాణి వేరు, సైన్యం వేరు. మనకు అలా విడదీయడం కష్టం. ఒప్పుకోకపోవచ్చు. కానీ ఆయన మన ఒప్పుకోలు కోసం చెప్పలేదు, ఊరికే చెప్పారు. ఇష్టాన్ని దాచకుండా బల్ల మీద పెట్టే మనిషితో ఎదురుమాట్లాడటం కూడా సులువే.

మూల మీది హోటళ్ళు

ఇరానీ హోటళ్ళు ముంబైలో వీధి మలుపుల్లో ఎక్కువ కనబడతాయి. మూల దుకాణం అచ్చిరాదని హిందూ వ్యాపారులు వదిలేస్తే, రెండు వైపులా గాలీ వెలుతురూ గిరాకీ వస్తాయని ఇరానీలు తీసుకున్నారని ముంబైలో చెప్పుకుంటారు. పాలరాతి బల్లలు, అద్దాలు, గాజు సీసాల్లో బిస్కెట్లు, వెన్న రాసిన బన్ను, టీ. 1904 నాటి కయానీ ఇంకా నడుస్తోంది. దాని ఎదుటి బస్తానీ మూతపడింది. బస్తానీలో అతిథులకు పెట్టిన ఆంక్షల బోర్డు నిస్సిం ఎజెకియెల్ చేత ఒక ఇంగ్లీషు కవిత రాయించింది. ఆ జాబితా ఎంత పొడుగంటే, అది చదివాక కూర్చుని టీ తాగడం తప్ప ఇంకేం చేయడానికీ అనుమతి లేదనిపిస్తుంది. యజమాని గదమాయింపు కూడా ఆ హోటళ్ళ రుచిలో భాగమే. ఆ సంప్రదాయంలో బొమన్ ఒక మినహాయింపు. ఆంక్షలతో పేరు తెచ్చుకున్న హోటళ్ళ మధ్య ఆయన ఆతిథ్యంతో తెచ్చుకున్నారు.

వీటికి ఇంకో చరిత్ర ఉంది. దాన్ని అంతగా తలుచుకోం. మన పట్టణాల్లో ఒకప్పుడు బ్రాహ్మణ కాఫీ హోటల్ అనే బోర్డులుండేవి. లోపల ఎవరెక్కడ కూర్చోవాలో కులాన్ని బట్టి తేలేది. ఆ రోజుల్లో ఇరానీ బల్ల దగ్గర కులం అడిగేవాడు లేడు. మిల్లు కార్మికుడు, టాంగా తోలేవాడు, గుమస్తా, కవి ఒకే కప్పు కింద టీ తాగారు. ఆడవాళ్ళ కోసం, కుటుంబాల కోసం తెరలు కట్టిన గదులుండేవి. బయటి నుంచి వచ్చినవాళ్ళకు ఇక్కడి గీతల పట్టింపు లేకపోవడం అందరికీ మేలు చేసింది. బొమన్ బల్ల బల్లకూ వెళ్ళి ఊరు అడగడం మామూలు ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, ఈ దేశంలో ఊరు పేరు అడిగి అక్కడితో ఆగేవాళ్ళు ఎంతమంది? రెండో ప్రశ్న ఏమిటో మనకు తెలుసు.

హైదరాబాద్ ఇరానీల కథ కాస్త వేరు. వాళ్ళలో ఎక్కువమంది ముస్లింలు. చాలామంది బొంబాయి, పుణెల మీదుగా వచ్చినవాళ్ళే. పాలు ఒక పాత్రలో, డికాక్షన్ ఒక పాత్రలో విడివిడిగా మరిగించే టీ, ఉస్మానియా బిస్కెట్, ఏక్ మే దో అంటే రెండు సాసర్లు తెచ్చే సర్వరు. సికింద్రాబాద్ స్టేషన్ ఎదుట ఆల్ఫా, చార్మినార్ పక్కన నిమ్రా ఈ తరానికీ తెలుసు. ఆబిడ్స్‌లో ఒకప్పటి ఓరియంట్ హోటల్లో మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవులు, ఎం.ఎఫ్. హుసేన్ లాంటి చిత్రకారులు గంటలు గంటలు గడిపారు. ఒక టీకి రెండు గంటలు కూర్చున్నా లేవమనని సేట్ల పేర్లు ఏ సాహిత్య చరిత్రలోనూ ఉండవు. ఉండాల్సింది.

పలకరింపుకయ్యే ఖర్చు

బొమన్ లాంటి మనిషి ఇప్పుడెందుకు కనబడటం లేదని వాపోవడం సులువు. కాలం మారింది, మనుషులు మారారు అనేస్తే పని అయిపోతుంది. లెక్క చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

ఒక బల్ల దగ్గర యజమాని పది నిమిషాలు మాట్లాడితే, ఆ బల్ల ఖాళీ కావడం పది నిమిషాలు ఆలస్యమవుతుంది. బయట వరసలో నిలబడ్డవాళ్ళు గొణుక్కుంటారు. మధ్యాహ్నం కొన్ని గంటలే వ్యాపారమున్న చోట ఆ పది నిమిషాలు డబ్బే. ఆ డబ్బు వదులుకోగలగాలంటే నెత్తి మీద పెద్ద అద్దె ఉండకూడదు. ముంబైలో 1947 నాటి అద్దె నియంత్రణ చట్టం పాత హోటళ్ళెన్నింటినో కాపాడింది. ఆనాటి అద్దెలు పెద్దగా పెరగలేదు కాబట్టే బన్నూ టీ అమ్మి కూడా నగరం నడిబొడ్డున నిలబడగలిగారు. అదే చోటు విలువ కోట్లకు చేరాక వారసుల లెక్క మారిపోయింది. పిల్లలు చదువుకుని వేరే దేశాలకు వెళ్ళారు. ఒక్కో హోటలూ బ్యాంకుగానో, బట్టల షాపుగానో, బారుగానో మారింది. యాభైల్లో వందల్లో ఉన్న ముంబై ఇరానీ హోటళ్ళు ఇప్పుడు పదుల్లోకి వచ్చాయి.

రెండో సంగతి, సాయంత్రాలు ఖాళీగా ఉండటం. రాత్రి పదకొండు దాకా హోటల్ నడిపే మనిషికి మర్నాడు మధ్యాహ్నం నవ్వడానికి ఓపిక ఉండదు. బలార్డ్ ఎస్టేట్ పొద్దుగుంకగానే నిద్రపోతుంది కాబట్టి బొమన్ తన శక్తినంతా ఆ కొద్ది గంటల మీద ఖర్చుపెట్టగలిగారు. ఒకే హోటల్ కావడం మూడోది. పది బ్రాంచీలున్న యజమాని ఏ బల్ల దగ్గరికి వస్తాడు? ఆయన బదులు మేనేజరు వస్తాడు, మేనేజరు బదులు ఇప్పుడు బల్ల మీద అతికించిన క్యూఆర్ కోడ్ వచ్చింది. సెల్‌ఫోన్‌తో దాన్ని చూస్తే జాబితా తెరుచుకుంటుంది. ఏది బాగుంటుందో అడగడానికి అవతల మనిషి ఉండడు. యాప్‌లో తెప్పించుకుంటే బల్ల కూడా ఉండదు.

ఇంతా చెప్పి, ఇదంతా పరిస్థితుల దయ అనడం ఆయనకు అన్యాయం. పాత అద్దెలో, ఖాళీ సాయంత్రాల పేటలో ఉండి కూడా గల్లా వెనక ముఖం గంటు పెట్టుకుని కూర్చున్న యజమానులకు కొదవ లేదు. తొంభై అయిదేళ్ళ వయసులో కాళ్ళు సహకరించకపోయినా కొత్తవాళ్ళ దగ్గరికి నడిచివెళ్ళడం, మునుపు వేల మందికి చెప్పిన మాటనే విసుగు లేకుండా చెప్పడం కష్టమైన పని. దాన్ని ఆయన పనిగానే చేశారు. హోటల్‌కు పెద్ద ప్రకటనలు ఇచ్చిన దాఖలా కనబడదు. ఆయన కలిపిన మాటలే దేశదేశాల పత్రికల్లో ప్రకటనలయ్యాయి. ఆ లాభం ఆయనకు తెలియదనుకోవడం అమాయకత్వం.

దీనికి ఒక కొసమెరుపు కూడా ఉంది. ముంబై ఇరానీ హోటళ్ళ నమూనాలో 2010లో లండన్‌లో డిషూమ్ అనే రెస్టారెంటు మొదలైంది. ఇప్పుడు బ్రిటన్‌లో పేరున్న గొలుసు హోటళ్ళలో అదొకటి. దాని జాబితాలో చికెన్ బెర్రీ బ్రిటానియా అనే బిర్యానీ ఉంది. దొరల అనుమతి కోసం ఒక వలస కుటుంబం అరువు తెచ్చుకున్న పేరు, టెహ్రాన్ నుంచి ఒక ఉద్యోగిని తెచ్చిన పండు, రెండూ కలిసి రాణి గారి ఊరు చేరాయి. ఎలిజబెత్ రాణి 2022 సెప్టెంబరు 8న పోయారు. ఆవిడ ఆ బిర్యానీ తిన్నారో లేదో గానీ, బొంబాయిలో ఉంటే బొమన్ తినిపించకుండా వదిలేవారు కాదు.

ఆయన తర్వాత

బ్రిటానియా మూతపడలేదు. కొడుకులు నడిపిస్తున్నారు. 2023లో హోటల్‌కు వందేళ్ళు నిండాయి. బెర్రీలు ఇంకా ఇరాన్‌వే. వంట మారలేదని పాత ఖాతాదారులు చెబుతారు. బల్ల బల్లకూ తిరిగే మనిషి మాత్రం లేరు. ఆ పని ఇంకొకరికి అప్పగించేది కాదు. అనుకరిస్తే వేషం అయిపోతుందని ఆ కుటుంబానికీ తెలిసే ఉంటుంది.

ముంబై వెళ్ళే పని పడితే ఛత్రపతి శివాజీ టెర్మినస్ నుంచి బలార్డ్ ఎస్టేట్‌కు నడిచి వెళ్ళొచ్చు. మధ్యాహ్నం పన్నెండింటికి కాస్త అటూ ఇటుగా చేరితే వరసలో ఎక్కువసేపు నిలబడక్కర్లేదు. సల్లి బోటి తీసుకుంటే వెంటనే తినండి. బెర్రీ పలావు ఒకటి ఇద్దరికి సరిపోతుంది. క్యారమెల్ కస్టర్డ్ ముందే చెప్పిపెట్టుకోండి. సెలవు రోజు ఏదో మాత్రం ముందే కనుక్కుని వెళ్ళండి.